బంగారు అక్షరానికి మజూరి ఎంత?

కంసాలి దగ్గర ఉంగరం చేయించుకొన్నవాని చీటీలో మూడు పద్దులుంటాయి. బంగారపు తూకం ఒకటి, తరుగు ఒకటి, మజూరి ఒకటి. తూకం మీద ఎవరూ వాదించరు. తరుగు దగ్గర కొంచెం గొణుగుతారు. మజూరి దగ్గర పది నిమిషాలు బేరమాడి చివరకు ఇచ్చి వస్తారు. చేతిపనికి వేరుగా వెల కట్టవలసి ఉంటుందని ఆ దుకాణంలో అందరూ ఒప్పుకొన్నారు కనుకనే ఆ పద్దు నిలిచింది. అదే మనిషి తన లారీ నుదుట ఇలవేల్పు పేరును బంగారు వన్నెలో రాయించడానికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ మూడు పద్దులూ మరచిపోతాడు. "అడుగుకెంత?" అని గాని, "అక్షరానికెంత?" అని గాని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న తప్పనీ, ఆ ప్రశ్నకు ఒప్పుకొని జవాబు చెప్పే చిత్రకారుడు తన నోటి ముందరి ముద్ద తానే తీసివేసుకొంటున్నాడనీ, పనిలో పనిగా తెలుగు లిపికి కూడా నష్టం జరుగుతున్నదనీ నా అభిప్రాయం. ఆ మాట కొంచెం వివరంగా చెప్పుకొందాం.

మా ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలు రహదారుల జిల్లాలు. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. బెంగుళూరుకు పోయే 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి అలంపురం చౌరస్తా మీదుగా కృష్ణా తుంగభద్రల నడిగడ్డను దాటుతుంది. మిర్యాలగూడ మిల్లుల బియ్యం, దామరచర్ల, మేళ్ళచెరువు వైపు సిమెంటు, పాలమూరు పత్తి, వేరుశనగ, అన్నీ లారీల మీదనే కదలాలి. కనుక ఈ ఊళ్ళన్నిటిలో మెకానిక్ షెడ్ల వరుసలో ఎక్కడో ఒకచోట రంగు డబ్బాలు, కుంచెలు, సుద్ద పూసిన దారపుండ పెట్టుకొని కూర్చున్న ఒక చిత్రకారుని దుకాణం ఉండేది. ఊరివాళ్ళు ఆయనను 'ఆర్టిస్టు' అంటారు. ఇప్పుడు ఆ వరుసలో చాలాచోట్ల స్టిక్కరు కోసే యంత్రం కూర్చున్నది.

ఆర్టిస్టు జీవనానికి ఆధారం ఏమిటో ముందు చూడాలి. ఒకప్పుడు ఆయన రోజువారీ కూడు నంబరు పలక. దాని మీద కళకు చోటు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం రిజిస్ట్రేషను గుర్తు ఇంగ్లీషు అక్షరాలతో, మనం ఇంగ్లీషు అంకెలనే 1, 2, 3లతో, నిర్ణీత కొలతలలో ఉండాలి. సొంత వాహనానికి తెలుపు మీద నలుపు, కిరాయి వాహనానికి పసుపు మీద నలుపు. అయినా ఆ పని రోజూ ఉండేది. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన కొత్త బండ్లకు భద్రతా పలకలు అచ్చుపోసి బిగించి వస్తున్నవి. ఆ కూడు పోయింది. మిగిలింది రెండు రకాల పని. ఒకటి లెక్కల పని: ఖాళీ బరువు, మొత్తం బరువు, పర్మిట్టు, యజమాని చిరునామా, ఫోను నంబరు. రెండవది పేరు పని: దేవుని పేరు, బిడ్డల పేర్లు, ట్రాన్స్‌పోర్టు పేరు. బంగారు వన్నె అడిగేది ఈ రెండవ పనిలోనే. కావున దాని వెల సరిగా కట్టుకోకపోతే ఆ దుకాణం మూతబడుతుంది.

ఇక బంగారం సంగతి. బంగారపు రాత అనగానే సామాన్యునికి ధర భయం పుడుతుంది. నిజంగా బంగారం ఎంత పడుతుందో చూద్దాం. రాతకు వాడే అసలు బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది. ఆ మందంలో ఒక చదరపు మీటరు పరచడానికి 2 గ్రాముల లోపు బంగారం సరిపోతుంది. చదరపు అడుగుకు లెక్క కడితే 0.18 గ్రాము. 2025 అక్టోబరులో పది గ్రాముల మేలిమి బంగారం లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది. ఆ ధరకే చూసినా, అక్షరాల ఒళ్ళు మొత్తం కలిపి ఒక చదరపు అడుగు ఉన్న రాతకు పట్టే లోహం వెల సుమారు రెండువేల రెండువందల రూపాయలు. లారీ రెండు కొత్త టైర్లు వేసుకొనే ఖర్చు పక్కన ఇది ఏపాటి?

పోలికకు మన గుట్టనే తీసుకొందాం. 2025 ఫిబ్రవరిలో యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి విమాన గోపురానికి స్వర్ణ తాపడం పూర్తయింది. సుమారు 68 కిలోల బంగారం, పదివేల ఏడువందల చదరపు అడుగుల పైచిలుకు వైశాల్యం. భాగించి చూస్తే చదరపు అడుగుకు 6 గ్రాములకు పైగా పడింది. రాతకు వాడే రేకు దానికన్న ముప్పై అయిదు రెట్లు పలుచన అన్నమాట. తాపడం తరతరాలు నిలవాలి, కనుక అక్కడ బంగారం తూకానిదే మాట. రాతలో బంగారం పేరుకే, తక్కినదంతా చేయి.

ఆ రేకును నిలబెట్టడం ఎంత పనో చెప్పాలి. చార్మినారు చుట్టుపక్కల వెండి వరఖు కొట్టి మిఠాయిల మీద పరిచేవారిని చూసినవారికి ఇది తెలుసు. చేతితో ముట్టుకొంటే చేతికే అంటుకొంటుంది. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల చదరపు రేకులు ఇరవై అయిదు కలిపి పుస్తకంగా అమ్ముతారు. పుస్తకం మొత్తం వైశాల్యం చదరపు అడుగున్నరకు కొంచెం ఎక్కువ. అంచు మీద అంచు వేయాలి, చిరిగినచోట అతకాలి, అక్షరం బయట పడ్డది తుడిచివేయాలి. ఇదంతా తరుగు. జిగురు మరీ పచ్చిగా ఉంటే రేకు మునిగి మెరుపు చచ్చిపోతుంది, మరీ ఆరిపోతే అంటుకోదు. ఆ నడిమి సమయం వేసవిలో ఒక తీరుగా, వానకాలంలో ఇంకొక తీరుగా ఉంటుంది. ఆ సమయం పట్టుకోవడం ఏళ్ళ తరబడి చేసిన చేతికే వస్తుంది. అమెరికాలో అగ్నిమాపక శకటాల మీద ఈనాటికీ అసలు రేకుతో రాయించుకొనే ఆచారం ఉన్నది. అక్కడ 22 క్యారెట్ల బంగారం పొదిగిన స్టిక్కర్లు కూడా దొరుకుతాయి. స్టిక్కరులోనూ బంగారమే, రేకులోనూ బంగారమే. అయినా చేతి రాతకు వేరే ధర, వేరే గౌరవం.

మన దగ్గర లారీల మీద కనబడేది దాదాపు అంతా బంగారు వన్నె మాత్రమే. అందులో రెండు జాతులు. మొదటిది వార్నిషులో కలిపి పూసే పొడి. అది రాగి, తుత్తునాగం కలిసిన ఇత్తడి పొడి. పూసిన నాడు పుత్తడిలాగే ఉంటుంది. పైన వార్నిషు కాపు లేకపోతే గాలికి, వానకు నల్లబడుతుంది, పచ్చబడుతుంది. రెండవది స్టిక్కరు. మన ఊళ్ళలో దీన్ని 'రేడియం' అంటారు. మేడమ్ క్యూరీ 1898లో కనుగొన్న రేడియానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. వెలుతురు పడితే తిప్పి కొట్టే పొర అది, అంతే. ఈ రెండూ నీచమైనవని నేను అనను. ఇత్తడి పొడితోనే ఎంతో అందంగా రాసినవారిని ఎరుగుదును. నేను అనేది, దేని పేరు దానికి పెట్టి అమ్మాలని.

గద్వాల చీర కొనేవారు ఈ నీతిని మనకు ఎప్పుడో నేర్పారు. జరీ పట్టుకొని చూసి "అసలు జరీయా, టెస్టెడ్ జరీయా?" అని అడుగుతారు. వెండి తీగ మీద బంగారు పూత ఉన్నది అసలు జరీ. రాగి తీగది వేరు, ప్లాస్టిక్ పొరది వేరు. మూడింటికీ మూడు ధరలు, మూడింటికీ గిరాకి ఉన్నది. 2021 జూన్ నుండి నగల మీద హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. లారీ రాతకు అంత హంగామా అవసరం లేదు. చీటీ మీద 'అసలు రేకు', 'పొడి', 'స్టిక్కరు' అన్న మూడు మాటలలో ఏదో ఒకటి రాసి ఇస్తే చాలు. ఇవ్వనివాడు ఇత్తడిని బంగారమని అమ్ముతున్నాడని అనుకోవలసి వస్తుంది. ఆ ఒక్కని వలన నిజాయితీగా పనిచేసే పదిమందికి బేరం తప్పుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, లెక్కపెట్టడం. తెలుగు పండితునిగా నా బుర్రకు పని పడిన చోటు ఇదే. లారీ యజమానులు, ఆర్టిస్టులు పేర్ల గుణింతం సరిచూపించుకోవడానికి బడికి వచ్చేవారు. ఒకసారి ఒక ఆర్టిస్టు గుణింతం అడగడానికి కాక తగవు తీర్చమని వచ్చాడు. "సారూ, శ్రీకి ఒక్క అక్షరం పైసలే ఇస్తా అంటున్నడు. కింద రావత్తుకు, మీద గుడిదీర్ఘానికి నాకెవరియ్యాలె?" అన్నాడు.

ఛందస్సు చదివినవానిని అడిగితే శ్రీ ఒకటే అక్షరం, అది గురువు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలుంటే వాటిలో శ్రీకి ఒకటే చోటు. కంప్యూటరును అడిగితే యూనికోడు పద్ధతిలో అది నాలుగు సంకేతాలు: శకారం, పొల్లు, రకారం, దీర్ఘం. కుంచెను అడిగితే శకారపు మెలికలు, తలకట్టు స్థానంలో గుడిదీర్ఘం, కింద శకారాన్ని చుట్టి వచ్చే క్రావడి; ఇంగ్లీషు అక్షరాలు మూడు రాసినంత పని. ఛందస్సు చెవికి సంబంధించిన లెక్క. యూనికోడు యంత్రపు జ్ఞాపకానికి సంబంధించినది. కూలికి ఆ రెండూ పనికిరావు. కూలి చేతిది కనుక కుంచె లెక్కే లెక్క.

దీని వలన జరిగే అన్యాయం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. మా ప్రాంతంలో లారీల నుదుట తరచుగా కనబడే వాక్యం 'శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్నం'. తెలుగులో లెక్కపెట్టండి. శ్రీ ఒకటి, లక్ష్మీ రెండు, నరసింహ నాలుగు, స్వామి రెండు, ప్రసన్నం మూడు. మొత్తం 12. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషు లిపిలో రాస్తే శ్రీకి 3, లక్ష్మికి 7, నరసింహకు 9, స్వామికి 5, ప్రసన్నానికి 9. మొత్తం 33. అక్షరానికి యాభై రూపాయలని మాటవరుసకు అనుకొంటే, ఇంగ్లీషులో రాసినవానికి 1650 రూపాయలు, తెలుగులో రాసినవానికి 600 రూపాయలు. ఒకే దేవుడు, ఒకే లారీ, ఒకే ఎండ. పైగా ఇంగ్లీషు పెద్దక్షరాలలో చాలావరకు నిలువు గీతలు, అడ్డ గీతలు. తెలుగులో ప్రతి అక్షరమూ వంపే. క్ష్మీ అనే ఒక్క అక్షరంలో కకారం, షకారపు వత్తు, మకారపు వత్తు, గుడిదీర్ఘం అన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కొని కూర్చుంటాయి. ఇటువంటి లెక్కలో ఆర్టిస్టు ఏ లిపి రాయడానికి ఇష్టపడతాడు? "ఇంగ్లీషుల రాయిస్తే బాగుంటది సేటూ" అని అంటాడు. అనకపోతే వాడే అమాయకుడు.

అడుగుల లెక్క కూడా ఇంతే వంకర. తెలుగు వరుసకు పైన గుడులకు, ఏత్వాలకు చోటు కావాలి, కింద వత్తులకు చోటు కావాలి. అడుగు ఎత్తు పట్టీ ఇస్తే అసలు అక్షరపు ఒళ్ళు దాదాపు సగానికి వస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరం పట్టీ నిండా నిలుచుంటుంది. చదరపు అడుగుకు ఇంత అంటే, తెలుగు రాయించుకొనేవాడు ఖాళీ చోటుకు కూడా డబ్బు కట్టినట్లవుతుంది. లేదా వత్తులను నొక్కి, చీమ కాళ్ళంత చేసి పట్టీలో ఇరికించమంటాడు. చాలా బండ్ల మీద వత్తులు కనబడీ కనబడకుండా ఉండటానికి కారణం ఈ బేరమే.

కనుక నా సూచన ఇది. తెలుగు రాతకు అక్షరం ఒకటి, వత్తు అర, సున్న పావు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము మొదలైన గుణింతపు గుర్తులు అక్షరంలోనే కలిసిపోవాలి, వాటికి వేరే లెక్క వద్దు. పైన చెప్పిన వాక్యంలో అక్షరాలు 12. వత్తులు శ్రీలో ఒకటి, క్ష్మీలో రెండు, స్వాలో ఒకటి, ప్రలో ఒకటి, న్నంలో ఒకటి, మొత్తం 6. అంటే 3 అక్షరాల విలువ. సున్నలు సింలో ఒకటి, న్నంలో ఒకటి; అంటే అర. మొత్తం పదిహేనున్నర. వంపుల శ్రమను బట్టి తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరానికి రెండింతలు, అంటే వంద రూపాయలు పెట్టుకొంటే 1550 రూపాయలు అవుతుంది. ఇంగ్లీషుకు వచ్చిన 1650తో దాదాపు సమానం. రెండు లిపులలో ఏది రాసినా ఆర్టిస్టుకు ఒకటే కూలి. అప్పుడు ఏ లిపి కావాలో యజమాని తన ఇష్టంతో నిర్ణయించుకొంటాడు. బేరం నిర్ణయించదు.

ఇంత చిల్లర లెక్క దుకాణంలో సాగుతుందా అని కొందరు నవ్వవచ్చు. పావు, అర, ముప్పావు లేకుండా మనకు ఏ వ్యాపారం సాగింది? పాలవాడు, కూరగాయల అవ్వ రోజూ చేసేది ఇదే. చెర్వుగట్టు దేవుని పేరు 'శ్రీ పార్వతీ జడల రామలింగేశ్వరస్వామి' అని పూర్తిగా రాయించుకొనే భక్తుడు వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలడు: పదిహేను అక్షరాలు, నాలుగు వత్తులు, ఒక సున్న. పదిహేడుంబావు. రెండవ తరగతి పిల్లవానికి కూడా ఇది మంచి అభ్యాసం.

ఇది మజూరిలో ఒక భాగం. తక్కిన భాగాన్ని అక్షరాల సంఖ్య చెప్పదు. లారీ ఒంటి మీద రాత అంటే గోడ మీద రాత కాదు. దుమ్ము, డీజిలు మసి కడగాలి. వాటర్ పేపరుతో రుద్దాలి. కింద రంగు వేసి ఆరనివ్వాలి. సుద్ద దారంతో గీతలు కొట్టాలి. బంగారు వన్నె కింద పసుపు పూత వేయాలి, పైన వన్నె, పక్కన ఎరుపో నలుపో నీడ, చుట్టూ సన్నని అంచు, చివర వార్నిషు. క్యాబిన్ నుదురు చదునుగా ఉండదు. రేకు మడతల మీద అక్షరం విరగకుండా నడిపించాలి. నిచ్చెన మీద నిలబడి, మెడ వెనక్కు వాల్చి, మే నెల ఎండలో చేసే పని అది. నీడ ఇస్తే ఒక ధర, నీడా అంచూ రెండూ ఇస్తే ఒక ధర, పాత రాత గీకి తీయవలసి వస్తే దానికి వేరే కూలి. ఇవన్నీ ముందే చెప్పాలి. పని అయిన తరువాత చెబితే అది తగవు.

"ఎందుకు ఇంత? స్టిక్కరు అయితే గంటలో అంటించి పంపుతాడు. బండి ఒక రోజు నిలబడితే కిరాయి పోతుంది కదా?" అని లారీ యజమాని అడుగుతాడు. ఇది న్యాయమైన ప్రశ్న. నెలనెలా కిస్తీ కట్టే మనిషికి రోజు కిరాయి చిన్నది కాదు. నా జవాబు: లెక్కల పనికి స్టిక్కరే వేయించుకోండి. బరువులు, తేదీలు, ఫోను నంబర్లు మారేవి. వాటికి చేతి అందం అవసరం లేదు. రాత్రిపూట మెరవవలసిన పట్టీలు కూడా స్టిక్కరే కావాలి, అది ప్రాణ రక్షణ. బడి బస్సుల మీద ముందూ వెనుకా 'స్కూలు బస్సు' అని స్పష్టంగా ఉండాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి కూడా కావలసినది స్పష్టత. కాని దేవుని పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు బండి ఉన్నన్నాళ్ళూ ఉండేవి. బండి ఎలాగూ ఫిట్‌నెస్ పనికి, రంగుకు, షెడ్డులో నిలబడుతుంది. ఆ రోజుల్లోనే రాయించుకొంటే కిరాయి నష్టం ఉండదు. ఆర్టిస్టు కూడా ఆ షెడ్డువారితో మాట చేసుకొని అక్కడికే పోయి రాయడం నేర్చుకోవాలి.

స్టిక్కరులో ఇంకొక ఇబ్బంది ఉన్నది, అది తెలుగు వంటి లిపులకు ఉన్న ఇబ్బంది. పాత అను అక్షరాలలో కట్టిన మాటను వేరే కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులవుతాయి. యూనికోడులో కట్టినదాన్ని తెలుగు అక్షరాల అల్లిక తెలియని పాత డిజైను సాఫ్ట్‌వేరులో తెరిస్తే వత్తు విడిపోయి పక్కన నిలబడుతుంది, నడుమ పొల్లు బయటపడుతుంది. యంత్రం దాన్ని అలాగే కోస్తుంది, కుర్రవాడు అలాగే అంటిస్తాడు. శ్రీ విరిగిన లారీలను రహదారి మీద ఎన్నిటినో చూస్తున్నాము. కుంచె పట్టినవాడు 'ప్రసన్నం'లో వత్తు మరచిపోవచ్చు గాని, శకారాన్ని, రకారాన్ని విడదీసి రాయడు. అతని చేతికి అక్షరం ఒక ముద్దగా తెలుసు. బాపు (1933–2014) అక్షరాలను పత్రికలలో చూసి చూసి సాధన చేసి, వాటిని బోర్డుల మీదికి, బండ్ల మీదికి దింపినవారు ఆ చేతులవారే. ఆ ఒరవడిని ఏ కళాశాలా వారికి నేర్పలేదు.

తప్పొప్పుల బాధ్యత కూడా ధరలో భాగమే. యజమాని తనకు కావలసిన మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆర్టిస్టు సుద్దతో గీసిన తరువాత, రంగు పెట్టక ముందు, యజమాని వచ్చి చదివి సరే అనాలి. ఆ కాగితంలోని తప్పు యజమానిది, కాగితానికీ రాతకూ తేడా వస్తే ఆర్టిస్టుది. తిరిగి రాసే కూలి ఎవరు భరించాలో అప్పుడు తగవు ఉండదు. సందేహం ఉంటే ఊళ్ళో తెలుగు చెప్పే ఉపాధ్యాయులున్నారు. గుణింతం చూసి పెట్టినందుకు వారు తరుగూ అడగరు, మజూరీ అడగరు.

ఇక తమలో తాము ధర తెగ్గోసుకొనే జబ్బు. "పక్క దుకాణంలో సగానికే రాస్తాడు" అన్న మాటకు జడిసి ఒకడు తగ్గిస్తాడు. వానిని చూపి యజమాని ఇంకొకనిని తగ్గిస్తాడు. చివరకు నీడ పోతుంది, అంచు పోతుంది, వార్నిషు పోతుంది, ఆరు నెలలకు బంగారం నల్లబడుతుంది. అప్పుడు యజమాని "చేతి రాత నిలవదు, స్టిక్కరే మేలు" అంటాడు. ధర తగ్గించినవారంతా కలిసి తమ పనికే చెడ్డపేరు తెచ్చుకొన్నారు. క్షౌరశాలలలో చూడండి. సంఘంవారు నిర్ణయించిన ధరల పట్టిక గోడకు వేలాడుతుంది. ఎవరూ అక్కడ బేరం చేయరు. ఊరూరా బోర్డులు రాసే చేతులకు ఒక పట్టిక లేకపోవడం విచిత్రం కాదా? ఒక ఊరిలో ఉన్న నలుగురైదుగురు కూర్చుంటే ఒక సాయంత్రంలో అయ్యే పని అది.

ఈ విషయం ఇంత ఎందుకు పట్టించుకోవాలని అడగవచ్చు. మన బండ్ల మీది గుర్తులు ప్రభుత్వాజ్ఞలతో ఎన్నోసార్లు మారాయి. 2014లో ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట వచ్చింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆ మార్పులన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే జరిగాయి, ఇక ముందు కూడా అలాగే జరుగుతాయి. బండి మీద తెలుగు ఉండాలని ఏ చట్టమూ నిర్బంధించని చోటు, యజమాని తన ఇష్టంతో తెలుగు పెట్టుకొనే చోటు, ఆ నుదుటి పట్టీ ఒక్కటే. పుస్తకం కొనని మనిషి కూడా దారి పక్కన నిలబడి ఆ పట్టీని చదువుతాడు. బడికి పోయే పిల్లవాడు కూడబలుక్కొని చదివే మొదటి సంయుక్తాక్షరం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ చోటును తప్పుడు కొలతకు పోగొట్టుకోవద్దనే నా మనవి.

అక్షరం అంటే క్షరం కానిది, నశించనిది అని వ్యుత్పత్తి చెబుతాము. లారీ మీది అక్షరం మాత్రం ఎండకు వెలుస్తుంది, వానకు నానుతుంది, రాసిన చేయి సాగినన్నాళ్ళే దాన్ని తిరిగి రాయగలం. కావున ఆర్టిస్టులారా, దుకాణం ముందు ఒక పలక కట్టి మూడు పద్దులు రాయండి: సరకు ఏది, తరుగు ఎంత, మజూరి ఎంత. కింద చిన్నగా, అక్షరం ఒకటి, వత్తు అర, సున్న పావు అని రాయండి. లారీ యజమానులారా, ఈసారి "అడుగుకెంత?" అనకండి. కంసాలిని అడిగినట్లే "మజూరి ఎంత?" అని అడగండి. బేరం ఆడండి, తప్పు లేదు. కాని ఆ పద్దును కొట్టివేయకండి.